కుట్టు లోపలి రంగు

ఫిబ్రవరిలో నలభై డాలర్లు బయానా కట్టాను,
మిగతాది నెలనెలా.
ఎల్ పాసోలో వంతెన దిగగానే కుడిచేతివైపు మూడో కొట్టు,
పాక్ అమ్మగారిది.
కొరియా ఆవిడ. మా స్పానిష్‌ని
మా అత్తగారికంటే మర్యాదగా మాట్లాడుతుంది.
మే నెలలో ఇట్సెల్‌కి పదిహేను నిండుతాయని
నీలం గౌను, నడుము దగ్గర ముత్యాలు.
గుండుసూదులు పంటి కింద పెట్టుకునే నవ్వింది:
"ఈ వయసు పిల్లలు సొరపాదుల్లా సాగుతారు,
లోపల రెండు వేళ్ళ గుడ్డ వదిలిపెడతాను."

మార్చిలో వంతెన మూశారు.
మూశారంటే, మూయలేదు.
అటువాళ్ళు ఇటు రావచ్చు
పంటి డాక్టరుకి, చవక మందులకి, శనివారం టాకోలకి.
ఇటువాళ్ళు అటు మాత్రం
అవసరం ఉంటేనే.
ఎవరి అవసరం, అని అడిగాను.
కిటికీలోని కుర్రాడు, మా హువారెస్ పోలికలవాడు,
చొక్కా మీది బిళ్ళలో మా ఇంటిపేరే ఉన్నవాడు,
కాగితం చూసి చదివాడు:
కొనుగోళ్ళు అవసరం కిందికి రావమ్మా.

ఏవి వస్తాయో నాకు తెలుసు.
ఫ్యాక్టరీలో కార్లకి వైర్ల కట్టలు అల్లుతాను నేను.
రాత్రి షిఫ్టులో నా వేళ్ళు ముడేసిన తీగలు
తెల్లారేసరికి లారీ ఎక్కి వంతెన దాటేవి.
ఒక్కరోజు ఆగలేదు.
మా వరసలో రెఫూహియో ఆగిపోయింది.
ఆమె స్టూలు రెండ్రోజులు ఖాళీ,
మూడోరోజు ఇంకెవరో.
తీగలు ఆగలేదు.

మరుసటేడు ఎండల్లో టీకా అటునుంచే వచ్చింది.
వాళ్ళ మందు నా జబ్బలోకి రావచ్చు,
ఆ జబ్బనేసుకుని నేను అటు వెళ్ళకూడదు.

పక్కింటి వెనుస్తియానో అక్కడ పుట్టాడు, నీలం పాస్‌పోర్టు.
ఇరవై డాలర్లిస్తే గౌను తెచ్చిపెడతానన్నాడు.
తెస్తాడు, సరే.
అద్దం ముందు పిల్ల గిర్రున తిరిగే తిరుగుడు
ఏ సంచిలో పెట్టుకుని తెస్తాడు?

నెలకోసారి పాక్ అమ్మగారు ఫోన్లో కనిపించేది.
వెనక వీధంతా దించిన షట్టర్లు.
"మీరెవరూ రాని వీధిలో కొట్టు తెరిచి
ఈగలతో బేరాలాడుతున్నా.
గౌనుని కిటికీలో వేలాడేశాను, తోడుంటుందని."
బాకీ ఊసు ఒక్కసారీ ఎత్తలేదు.
నేనూ ఎత్తలేదు.
అది తల్చుకుంటే ఇప్పటికీ ముఖం చెల్లదు నాకు.

పుట్టినరోజు మేడమీదే, ముగ్గురం, ఒక కేకు.
చీకటిపడ్డాక అవతల కొండ మీద
దీపాల నక్షత్రం వెలిగించారు.
ఇట్సెల్ వేలు చాపి, ఒక కన్ను మూసి,
"దానికి కాస్త కింద, ఎడమకి, అక్కడుంది నా గౌను" అంది.
వాళ్ళ అమ్మమ్మ కూడా ఒక కన్ను మూసి చూసింది.

ఇరవై నెలలు.
నవంబరులో ముందురాత్రే వంతెన మీద లైను,
దుప్పట్లు, వేడి తమాలెలు, ఎవరిదో చంటిపిల్ల ఏడుపు.
కింద నది. నదంటే సిమెంటు కాలవ,
అడుగున తడిచార.
ఇది దాటడానికా, అంది ఇట్సెల్.

పాక్ అమ్మగారి తల ముగ్గుబుట్టయింది.
కిటికీలో ఎండ గౌను నీలాన్ని తినేసింది,
ఉతికి ఉతికి ఆరేసిన యూనిఫారంలా ఉంది.
పిల్ల నాకంటే వేలెడు ఎత్తు, భుజాలు పట్టవు.
ఆవిడ మాట్లాడకుండా కత్తెర తీసి
పక్క కుట్లు విప్పింది.
లోపల దాచిన రెండు వేళ్ళ గుడ్డ బయటికొచ్చింది
అటొక గీత, ఇటొక గీత,
ఎండ చూడని నీలం,
ఫిబ్రవరి నాటి నీలం.

"లేసు వేసి కప్పేస్తాలే" అంది, దొంగతనం తనదైనట్టు.
ఇట్సెల్ పక్కకి తిరిగి, చెయ్యెత్తి చూసుకుని,
"ఉండనీండి" అంది.

మిగిలిన నూటపది బల్ల మీద పెట్టాను.
ఆవిడ రెండుసార్లు లెక్కపెట్టి
పది నోటు నా వైపు తోసింది.
నేను అటు తోశాను.
ఆవిడ ఇటు.
కిటికీ లేదు, కాగితం లేదు,
ఆ నోటు ఎన్నిసార్లు దాటిందో బల్లని.
చివరికి ఎవరి దగ్గర ఉండిపోయిందో
ఇట్సెల్‌ని అడగాలి.